ఇంటి ప్లాన్‌లో మగ్గం ఏదీ?

వరంగల్ వచ్చినవాళ్లు కోట చూస్తారు, వేయి స్తంభాల గుడి చూస్తారు, సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద సెల్ఫీ దిగి రైలెక్కేస్తారు. పోచమ్మ మైదాన్ దాకా వచ్చినా, ఆ దగ్గర్లోనే ఉన్న కొత్తవాడ గల్లీల్లోకి తిరిగేవాళ్లు తక్కువ. నేను మాత్రం సెలవు దొరికితే అక్కడికే. మా పెద్దబాపు ఇల్లు అక్కడుంది.

కొత్తవాడ అంటే దర్రీలు. ఫంక్షన్లలో కింద పరిచే జంపఖానాలు తెలుసు కదా, వాటి చుట్టాలే ఇవి. మందపాటి నూలు, ముదురు రంగులు, రెండు వైపులా వేసుకోవచ్చు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నా చిన్నప్పుడు మా గల్లీలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే. ఇప్పుడు నాలుగిళ్లు దాటితే గానీ వినపడదు.

ఈసారి నేను ఊరికే పోలేదు. ఫోన్‌లో ఒక పీడీఎఫ్ పెట్టుకుని పోయాను. ఆ ఇల్లు పెద్దబాపుదీ మా బాపుదీ కలిపి. గూనపెంకలు కారుతున్నాయి, గోడ ఒరిగింది. పాతది తీసేసి కొత్తది కడదామని అందరం అనుకున్నాం. లోన్ నా పేరు మీద. కింద పార్కింగ్, ఒక సింగిల్ రూమ్, పైన రెండంతస్తులు. కిందది, పై పోర్షన్ అద్దెకిస్తే ఈఎంఐ సగం వెళ్లిపోతుంది. ఎక్సెల్‌లో లెక్క కూడా వేశాను.

పెద్దబాపు అద్దాలు పెట్టుకుని, స్క్రీన్ మీద వేళ్లతో జూమ్ చేసి చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. మరి మగ్గం యాడ?"

"పైన ఒక రూమ్‌లో పెట్టుకుందాం పెద్దబాపూ."

ఆయన నవ్వాడు. "గుంట పైకెట్ల వస్తదిరా?"

నాకు సిగ్గేసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఆయనది గుంట మగ్గం. నేత మనిషి నేల మీద కూర్చుంటాడు, కాళ్లు గుంటలోకి దిగుతాయి, అక్కడే పావళ్లు తొక్కుతాడు. ఆ గుంటలో మట్టి చల్లదనం ఉంటుంది, ఆ తేమకు పడుగు నూలు తొందరగా తెగదు. అంటే ఈ మగ్గానికి నేలే సగం మిషను. స్లాబ్ మీదికి ఎక్కదు.

2020లో నాకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చినప్పుడు ఇంట్లో టేబుల్ ఎక్కడ వేసుకోవాలా అని వారం రోజులు గొడవ పడ్డాను. ఈ గల్లీ వాళ్లు తరతరాలుగా ఇంట్లోనే పని చేస్తున్నారు. ముందు అరుగు, లోపల మగ్గం, దాని వెనకే వంట, పడక. ఇల్లే ఆఫీసు. నా ప్లాన్‌లో ఆఫీసు తీసేసి బైకులు పెట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టక 'చిన్న స్థలంలో ఇల్లూ పనీ' అని వెతుకుతుంటే బాలకృష్ణ దోషి పేరు తగిలింది. ఆర్కిటెక్టుల నోబెల్ అంటారే, ప్రిట్జ్‌కర్ ప్రైజ్, అది అందుకున్న మొదటి భారతీయుడు. హయత్ హోటళ్ల కుటుంబం 1979లో మొదలుపెట్టిన అవార్డు అది. లక్ష డాలర్లు, ఒక కంచు పతకం. దోషికి వచ్చింది 2018లో, అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. మన దర్రీలకు జీఐ వచ్చిన ఏడాదే!

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ టౌన్‌షిప్ డిజైన్ కూడా ఆయనదే. ఆ చౌరస్తా మీదుగా ఆఫీసు క్యాబ్‌లో ఎన్నిసార్లు పోయానో, ఎప్పుడూ తల తిప్పి చూడలేదు.

నన్ను ఆపేసింది మాత్రం ఇండోర్‌లో ఆయన చేసిన అరణ్య కాలనీ. పేదల కోసం 1980లలో వేసింది. అన్నిటికన్నా చిన్న ప్లాటు 35 చదరపు మీటర్లు, అంటే దాదాపు 42 గజాలు. అంతా కట్టి తాళాలు చేతికివ్వలేదు. పునాది, నీళ్లు, టాయిలెట్ ఇచ్చారు. మిగతాది డబ్బులున్నప్పుడు ఎవరికి కావాల్సినట్టు వాళ్లు కట్టుకున్నారు. ఒకరు ముందు గదిలో దుకాణం పెట్టారు, ఇంకొకరు పైన గది వేశారు. 2016లో ఇదే ప్రైజ్ అందుకున్న చిలీ ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా కూడా ఇకీకే ఊళ్లో ఇలాంటిదే చేశాడు. సర్కారు డబ్బు పూర్తి ఇంటికి చాలకపోతే సగం ఇల్లు గట్టిగా కట్టి, మిగతా సగానికి ఖాళీ వదిలాడు. అద్దాల టవర్లు కట్టినవాళ్లకే పెద్ద అవార్డులు వస్తాయనుకునేవాణ్ని. లోపల ఉండేవాళ్లు ఏం పని చేసుకుని బతుకుతారని అడిగినవాళ్లకూ వస్తాయన్నమాట.

తెల్లారి టేపు తీసుకుని మగ్గం కొలవబోతే పెద్దబాపే అడ్డం పడ్డాడు.

"నా తర్వాత ఎవడు నేస్తడురా? ఒక్క ముసలోని కోసం కిరాయి పోగొట్టుకుంటవా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా అన్న ఫైనాన్స్ కంపెనీలో, నేను సాఫ్ట్‌వేర్‌లో. మా ఇద్దరికీ నాడె విసరడం రాదు. సింగిల్ రూమ్ పోతే నెలనెలా నా జేబులోంచే ఎక్కువ పోతుంది, అదీ నిజమే.

పెద్దమ్మ గంజి వార్చుకుంటూ లోపలి నుంచే అంది: "ఆయన నేసినన్ని రోజులు నేయనీ. తర్వాత గుంట పూడ్చుడు ఎంతసేపు? గంపెడు మన్ను."

అరణ్యలో చేసింది అదే కదా! ఇల్లు ఒక్కసారే పూర్తి కానక్కర్లేదు. ఇవాళ మగ్గం గది, రేపు అద్దె గది, ఎల్లుండి ఇంకేదో. నేల వదిలేస్తే చాలు.

వరంగల్ వస్తే ఓ గంట కొత్తవాడకు కేటాయించండి. చప్పుడు వినిపించిన గడప ముందు ఆగి, చూడొచ్చా అని అడగండి. కాదనరు. నచ్చితే నేసిన చేతుల దగ్గరే ఒక దర్రీ కొనండి.

మొన్న ఇంజనీర్ ఫోన్ చేశాడు. "సార్, కింద రూమ్‌కి స్లాబ్ వద్దు, నేల మట్టిదే ఉంచమంటున్నారు. ప్లాన్‌లో ఏమని రాయాలి? స్టోరా?"

"మగ్గం అని రాయండి" అన్నాను.