పత్రం వెనుక పాఠం

సముద్రంలో స్కూబా డైవింగ్ చేయదలచినవారికి యోగ్యతాపత్రాలిచ్చే సంస్థలు అనేకం. 1959లో ఏర్పడిన సి.ఎం.ఏ.ఎస్. సమాఖ్యకు తొలి అధ్యక్షుడు జాక్ కూస్తో. అది వివిధ దేశాల సమాఖ్యల ద్వారా నక్షత్రాల శ్రేణిలో శిక్షణ సాగిస్తుంది. 1966లో అమెరికాలో ఆవిర్భవించిన పాడీ, డైవింగ్ కేంద్రాల ద్వారా, శిక్షకుల ద్వారా విస్తరించింది. పాడీ ప్రాథమిక కోర్సు 18 మీటర్ల లోతు వరకు, సి.ఎం.ఏ.ఎస్. ఒకటవ నక్షత్రం 20 మీటర్ల వరకు యోగ్యతనిస్తాయి.

అండమాన్ ప్రయాణమైన మా అమ్మాయి "నాన్నగారూ, వీటిలో ఏది మేలు?" అని అడిగినందున ఇవన్నీ పోల్చి చూశాను. పేర్లు వేరైనా ముఖ్య పాఠాలు ఒక్కటే: ముఖకవచంలో చేరిన నీటిని ఊది వెలుపలికి పంపడం, సహచరునితో గాలి పంచుకోవడం, ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా పైకి రావడం. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి ఉపరితలానికి చేరేసరికి రెట్టింపు పరిమాణమవుతుంది. బిగబడితే ఊపిరితిత్తులు చిట్లవచ్చు. ఈ ప్రకృతి నియమానికి సంస్థల భేదం లేదు.

గ్యాస్ ప్రాంతాల్లో పనిచేసే మనకు తెలియనిదేమున్నది? పర్మిట్ చేతనున్నంత మాత్రాన ప్రాణరక్షణ కలగదు. దానిని ఇచ్చేవారి నిక్కచ్చితనమే రక్షణ.

అమ్మాయి పాడీ కోర్సులో చేరింది. ముఖకవచంలో నీరు చేరగానే కంగారుపడుతున్నదని శిక్షకుడు చివరి డైవ్‌లకు అనుమతించలేదు. సెలవు ముగిసి, పూర్తయిన పాఠాల వివరాలున్న కాగితంతోనే ఇల్లు చేరింది. మిగిలినవి ఏడాదిలోగా మరొక కేంద్రంలోనైనా పూర్తి చేయవచ్చు. ఆమె చిన్నబుచ్చుకున్నది. నేను మాత్రం ఆ శిక్షకునికి కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం వ్రాశాను.