నాలుగు వాటాలు

నిన్న రాత్రి ఆన్‌లైన్ వీడియో గేమ్ డీప్ రాక్ గెలాక్టిక్‌లో ఒక కొత్త కుర్రాడు మా జట్టులో చేరాడు. దారి తప్పి గుహలో ఎక్కడో పడిపోయాడు. "సారీ, ఫస్ట్ టైమ్" అని టైప్ చేశాడు. ముగ్గురం వెనక్కి వెళ్లి లేపాం. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

ఆ "సారీ" నాకు బాగా తెలుసు. కొన్నేళ్ల క్రితం ఇంకో ఆటలో, మొదటి అయిదు నిమిషాల్లోనే మా అమ్మానాన్నల్ని కలిపి తిట్టారు. ఆ తర్వాత చాన్నాళ్లు హెడ్‌సెట్ ముట్టుకోలేదు.

ఇక్కడ ఆ పరిస్థితి ఎందుకు రాదంటే, ఆటను కట్టిన తీరే వేరు. డెన్మార్క్‌కి చెందిన ఘోస్ట్ షిప్ గేమ్స్ 2020లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ఈ ఆటలో మేం నలుగురం మరుగుజ్జు గని కార్మికులం. ఎవరు తవ్వినా ఖనిజం అందరిదీ. తూటాలు అయిపోతే గుహలో తవ్విన నైట్రా అనే ఖనిజం 80 ఖర్చుపెట్టి సామాను దింపించుకుంటాం. అందులో సరిగ్గా నాలుగు వాటాలు. తలా ఒకటి. పోటీపడి లాక్కోవాల్సిన అవసరమే లేదు. కీబోర్డులో 'వి' నొక్కితే మన మరుగుజ్జు చెయ్యెత్తి "రాక్ అండ్ స్టోన్!" అని అరుస్తాడు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా పలకరింపు అందుతుంది.

అయితే నియమాలు సగం పనే చేస్తాయి. మిగతా సగం పాతవాళ్ల చేతుల్లో ఉంటుంది. మీరు ఏ ఆట ఆడినా, కొత్తవాళ్లు పడిపోతే ఒక్కసారి వెనక్కి వెళ్లండి. ఇవాళ మీరు లేపిన మనిషే రేపు ఇంకొకరిని లేపుతాడు.

రాక్ అండ్ స్టోన్!