పొగ చెప్పే మాట

వార్షికోత్సవ సంచిక అనగానే అమ్మ గురించో, అంబేద్కర్ గారి గురించో, చదువు విలువ గురించో రాయడం మన హాస్టల్లో అలవాటు. అవన్నీ రాయవలసినవే. ఈసారి మేము మాత్రం పాత డీజిల్ కార్ల టర్బో గురించి రాస్తున్నాం. క్లాసులో బట్టీపట్టిన ఫిజిక్సు మాకు నిజంగా అర్థమైంది ఆ కార్ల కిందనే.

మేము ముగ్గురం వేమూరు మండలం వాళ్లం. ఈ హాస్టల్ అన్నం తిని చదువుకున్నాం. మా మూడు ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు 23 ఏళ్లు, పీజీ చదువుతున్నాం. సెలవులకు వచ్చినప్పుడు తెనాలి రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో పని చేస్తాం. మేస్త్రిని బాబాయ్ అని పిలుస్తాం. ఆయన అయిదో తరగతితో ఆపేశాడు.

మన వైపు బాడుగకు తిరిగే బళ్లు ఎక్కువగా పాత డీజిల్‌వే. డిజైర్, బొలెరో, స్కార్పియో, సుమో. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పటితో మారుతి కంపెనీ డీజిల్ కార్ల తయారీ ఆపేసింది. కాబట్టి ఇవాళ రోడ్డు మీదున్న డీజిల్ డిజైర్ ఏదైనా పాతదే. అలాంటి బండిని నమ్ముకుని ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి.

టర్బో అంటే పెద్ద మాయ కాదు తమ్ముళ్లూ. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనుకు పంపుతుంది. గాలి ఎక్కువ అందితే డీజిల్ బాగా కాలుతుంది, బలం వస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి ఈ ఆలోచనకు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిలు పొర మాత్రమే. ఆయిలు మార్చడంలో బద్ధకించినవాడి టర్బో ముందు పోతుంది.

బాబాయ్ ముందు పొగ చూస్తాడు. నల్లగా వస్తే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని. నీలంగా వస్తే ఆయిలు కాలుతోందని. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి కూలెంటు దిగుతోందేమోనని అనుమానించాలి.

మొన్న వేసవిలో కొల్లూరు వైపు లంక గ్రామం నుంచి ఒకాయన డిజైర్ తెచ్చాడు. పికప్ లేదు, నల్లపొగ, పొద్దున స్టార్టింగ్ కష్టం, మీటరులో ఇంజను లైటు. టౌనులో ఒక వర్క్‌షాపులో టర్బో మొత్తం మార్చాలన్నారట. అది ఆయన రెండు నెలల సంపాదన. ఫైనాన్సు వాయిదా ఒకవైపు, కూతురి ఇంటర్ ఫీజు ఒకవైపు. "బండి అమ్మేద్దామనుకుంటున్నా తమ్ముడూ" అన్నాడు మాతో.

బాబాయ్ టర్బో విప్పలేదు. గాలి పైపు ఊడదీసి, ఇరుసును వేళ్లతో పట్టి చూశాడు. పక్కలకు కాస్త కదలిక ఉండటం సహజం. ముందుకూ వెనక్కూ కదిలితే ప్రమాదం. అలా కదలలేదు. రెక్కలు గోడకు తగల్లేదు. అంటే టర్బో బాగానే ఉంది. తర్వాత పైపులోకి కొద్దిపాటి గాలి ఎక్కించి, సబ్బునీళ్లు పోయమన్నాడు. ఇంటర్‌కూలర్ దగ్గర రబ్బరు పైపు అడుగున బుడగలు లేచాయి. మామూలుగా మూసుకుని ఉండే చీలిక ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తోంది. టర్బో పంపే గాలి అక్కడే పోతోంది.

పైపు మార్చాక పొగ తగ్గింది. స్టార్టింగ్ బాధ మాత్రం పోలేదు. స్కానర్ పెడితే ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు కోడ్‌లు వచ్చాయి. ఇంగ్లీషులో ఉన్నవి మేము చదివి చెప్పాం. నాలుగు సెన్సార్లు ఒకే రోజు పోవు, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలని బాబాయ్ అన్నాడు. ఉమ్మడిగా ఉండేవి కరెంటు సరఫరా, ఎర్త్. మల్టీమీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజను ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టించాం. అర వోల్టు కూడా ఉండకూడని చోట ఒక వోల్టు దాకా చూపించింది. ఎర్త్ తీగ కొసన చిలుము పట్టి ఉంది. ఓమ్ సూత్రం గుర్తుందా? స్టార్టరు 200 ఆంపియర్లు లాగేటప్పుడు 0.005 ఓమ్ నిరోధం చాలు, ఒక వోల్టు తినేస్తుంది. కొస గీకి, కొత్త తీగ బిగించాం. సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంది. కోడ్‌లు చెరిపేశాక మళ్లీ రాలేదు. మొత్తం ఖర్చు టర్బో ధరలో పదో వంతు కూడా కాలేదు. బండి ఆయన చేతిలోనే ఉంది.

మా గోళ్లలో నలుపు చూసి అమ్మ బాధపడింది. "ఇందుకేనా నిన్ను చదివించింది?" అంది. ఆ బాధ మాకు తెలుసు. ఆమె జీవితమంతా పొలంలో మట్టి చేతులతో గడిచింది. కొడుకు చేతులు తెల్లగా ఉండాలని కోరుకోవడం న్యాయమే. అయినా అమ్మకు ఒకటే చెప్పాం. మా చదువు ఆ షెడ్డులో తగ్గలేదు, అక్కడ పనికొచ్చింది. బాబాయ్ చెవి, మా అక్షరం కలిస్తేనే ఆ బండి కదిలింది.

అదే షెడ్డులో తొమ్మిదితో బడి మానేసిన 17 ఏళ్ల కుర్రాడున్నాడు. మా ముగ్గురికంటే వేగంగా తప్పు పట్టగలడు. ఓపెన్ స్కూల్లో పది కట్టించాం. ఫీజు బాబాయ్ కట్టాడు. రాత్రిపూట లెక్కలు మేము చెబుతున్నాం. ఓమ్ సూత్రం మాత్రం చెప్పాల్సిన పని పడలేదు. వోల్టు ఎక్కడ పోతుందో వాడికి ముందే తెలుసు, పేరే తెలియదు.

తమ్ముళ్లారా, ఏ భాగమైనా మార్చే ముందు కొలవండి. దూరం నుంచి వచ్చిన టర్బో బండిని వెంటనే ఆపకుండా ఒక నిమిషం నిదానంగా తిరగనివ్వమని మీ ఊరి డ్రైవర్లకు చెప్పండి. ల్యాబులో మల్టీమీటరు ముట్టుకోవడానికి జంకకండి. అది మీ కోసం కొన్నదే.