సముద్రదొంగల ఊళ్లో

ఏప్రిల్ 6

ప్యూర్టోరికోలోని బార్సెలోనేటాలో మందుల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి, రెండో నంబరు రోడ్డెక్కి పడమరగా పోతే అరెసిబో, హతీయో, కమూయ్, ఆ పైన కెబ్రాదీయాస్. ఎడమ పక్క కొండలు, కుడి పక్క అట్లాంటిక్. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊరివాళ్లు 24 వేలు కూడా లేరు. మన దగ్గరైతే నగర పంచాయతీ సైజు. అయినా దీనికో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుంది, పిరాతాస్ అని. సముద్రదొంగలన్నమాట. ఈ ఒడ్డున పూర్వం దొంగ ఓడలు దాక్కునేవని ఊరంతా చెబుతారు. రుజువులు అడిగితే మొహం చిట్లిస్తారు.

ఏప్రిల్ 12

మొదటిసారి మ్యాచ్‌కి వెళ్లాను. మా ప్లాంటు మెయింటెనెన్సులో పనిచేసే పెద్దాయన తీసుకెళ్లాడు, ఆయనది ఈ ఊరే. ఎదుటి జట్టు అరెసిబో, అంటే ఆయన రోజూ పనికొస్తూ దాటే ఊరే. పందేరెతాలనే చేతి డప్పులు పట్టుకుని ప్లేనా అనే జానపద పాటలు వాయించే గుంపు పక్కన సీట్లు దొరికాయి. మూడో క్వార్టరుకల్లా నా చెవులు పనిచేయడం మానేశాయి. రెఫరీని తిట్టడంలో అందరికంటే ముందున్నది ఒక మామ్మగారు. ఆవిడ పక్కనే మనవరాలు హోంవర్కు చేసుకుంటోంది.

హాఫ్ టైములో బకలాయితో తిన్నాం. ఉప్పుచేప తునకలు పిండిలో కలిపి పలచగా, వెడల్పుగా వేయిస్తారు. నూనె కాగితం దాటి ప్యాంటు మీదికొచ్చింది.

మీదే ఊరని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇండియా అంటే ఊరుకోలేదు, "అది సరే, ఇక్కడ ఏ ఊరు?" బార్సెలోనేటా అన్నాను. "అయ్యో, మీకు జట్టు లేదుగా" అని ఒకాయన నిజంగానే జాలిపడ్డాడు.

ఏప్రిల్ 13

నిన్నటి ఇండోర్ స్టేడియం పేరు రేమండ్ దల్మావ్ కోలిసేవో. మనిషి బతికుండగానే పెట్టిన పేరు. సాన్ హువాన్‌లో పుట్టి, న్యూయార్క్ హార్లెంలో పెరిగి, 1966లో ఇక్కడికొచ్చి పడ్డ కుర్రాడు. 1985 దాకా ఆడాడు, అదంతా ఈ ఒక్క జట్టుకే. 1970లో ఊరికి మొదటి లీగు కప్పు. తర్వాత 1977, 78, 79 వరసగా మూడు. కొడుకులూ ఆటగాళ్లే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత చెరకు పొలాల్లో పని కరువై ఈ దీవి జనం లక్షల్లో న్యూయార్క్‌కి తరలిపోయారు. వాళ్ల పిల్లలు అక్కడి వీధి కోర్టుల్లో ఆట నేర్చారు. అమ్మానాన్నలది ఈ దీవే కాబట్టి ఇక్కడి లీగు ఆ పిల్లల్ని స్థానికులుగానే లెక్కేసి పిలిచింది. "దిగినప్పుడు స్పానిష్ సరిగా వచ్చేది కాదు, బంతి మాత్రం వచ్చేది" అంటాడు పెద్దాయన. ఇప్పుడు దల్మావ్‌ని న్యూయార్క్ వాడని ఎవరైనా అని చూడమనండి!

డల్లాస్‌లో, న్యూజెర్సీలో పుట్టిన మన పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లని మన ఊళ్లు సంక్రాంతికి చుట్టాల్లా చూస్తాయి. ఇంతవరకూ ఏ ఊరూ వాళ్లని ఆడమని పిలవలేదు.

మే 4

జట్టులో స్థానికులు కానివాళ్లని రెఫుయెర్సో అంటారు. ఎక్కువగా అమెరికా నల్లజాతి కుర్రాళ్లు. నాలుగు మ్యాచ్‌లు సరిగా ఆడకపోతే విమానం ఎక్కించేస్తారు. నిన్న సూపర్‌మార్కెట్‌లో ఒకడు కనిపించాడు, ఆరున్నర అడుగుల పైనే. బండిలో అరటిపళ్లు, గుడ్లు, ఒక్క ప్లేటు, ఒక్క గ్లాసు. సామాన్లు సంచిలో సర్దే ముసలాయన అతనికి ఫ్రీ త్రో ఎలా వేయాలో మోకాళ్లు వంచి మరీ చూపిస్తున్నాడు. అతను ఓపిగ్గా విన్నాడు. వినక చస్తాడా, క్యూలో ఉన్నవాళ్లంతా ముసలాయన పక్షమే.

మే 22

ఈ తారీఖునే, 1974లో, పిరాతాస్ ఆటగాడు నెఫ్తలీ రివేరా మయగ్వెస్ మీద ఒక్క మ్యాచ్‌లో 79 పాయింట్లు కొట్టాడు. లీగు రికార్డు అదే. అప్పటికి ఇక్కడ మూడు పాయింట్ల గీత లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే.

ఆ రోజు గ్యాలరీలో తానూ ఉన్నానంటాడు పెద్దాయన. ఆయన తమ్ముడూ ఉన్నాడట. క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ వాళ్ల నాన్న కూడా. ఉన్నామన్న వాళ్లందర్నీ కలిపితే ఆ రోజు ఊళ్లో దుకాణాలు మూసేసి ఉండాలి.

జూన్ 9

ఫిల్ జాక్సన్ చికాగో జట్టుకి వెళ్లకముందు, 1980ల్లో, ఇక్కడ వేసవుల్లో కోచ్‌గా పనిచేశాడు. పిరాతాస్‌కీ చేశాడు, పక్కూరు ఇసబెలా జట్టుకీ చేశాడు. తర్వాత చికాగో, లాస్ ఏంజెలెస్ కలిపి అమెరికా లీగు ఎన్‌బీఏలో 11 టైటిళ్లు. అంతకు ముందు తరంలో రెడ్ హోల్జ్‌మన్ పోన్సే జట్టుకి కోచ్‌గా ఉండి, తర్వాత న్యూయార్క్ నిక్స్‌ని గెలిపించాడు. ఆ నిక్స్‌లో ఆడినవాడే జాక్సన్.

బయటివాళ్లు రాసేటప్పుడు ఈ సంగతితోనే మొదలుపెడతారు, గొప్పవాళ్లు ఇక్కడ ఓనమాలు దిద్దుకున్నారని. నాకది నచ్చదు. వీళ్ల లీగు 1930 నాటికే ఉంది, ఎన్‌బీఏ 1946లో పుట్టింది. పెద్దాయన్ని జాక్సన్ గురించి అడిగితే "ఆఁ, పొడుగాయన" అని ఊరుకున్నాడు. దల్మావ్ గురించి అడిగితే మాత్రం భోజనం బ్రేకు చాలదు.

జూన్ 21

ఇసబెలాకి ఇప్పుడు లీగులో జట్టు లేదు. కొవామోకి లేదు, మొరోవిస్‌కి లేదు. జట్టు పేరు ఊరిదే అయినా నడిపేది అపోదెరాదో, అంటే ఫ్రాంచైజీ హక్కులు చేతిలో ఉన్న ఆసామి. ఆయన జేబు ఖాళీ అయితే జట్టు మూతపడుతుంది, లేదా ఇంకో ఊరికి పోతుంది. ఇప్పుడు పాటగాళ్లు దిగారు. 2021లో సాన్తుర్సే జట్టులో బ్యాడ్ బనీ వాటా తీసుకున్నాడు, తర్వాత మనతీ జట్టులోకి ఓసునా వచ్చాడు. గ్యాలరీలు నిండుతున్నాయి, టిక్కెట్ల రేట్లూ పెరుగుతున్నాయి. పాత రోజులే బాగున్నాయని గొణిగేవాళ్లతో నేను ఏకీభవించను. పాత రోజుల్లోనూ ఎవడో ఒకడు డబ్బులు పెట్టాలిగా. సాన్ హెర్మాన్ జట్టు అప్పట్లో ఫార్మసియా మార్టిన్ అని మందుల షాపు పేరుతోనే ఆడింది. మా వృత్తివాళ్లు!

జులై 11

ప్లాంటులో కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. సాయంత్రం మ్యాచ్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో అందరి ఫోన్లూ మోగాయి. ఉంది.

2009లో, 30 ఏళ్ల తర్వాత, కెబ్రాదీయాస్ మళ్లీ కప్పు కొట్టింది. తర్వాత 2013లో, 2017లో. ఆ 2017 సెప్టెంబరు 20నే మరియా తుపాను. ఊరికి దక్షిణాన గ్వహతాకా ఆనకట్ట మత్తడి కోసుకుపోతే కింద నది పొడుగునా ఉన్నవాళ్లని ఖాళీ చేయించారు. పెద్దాయన ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. నెలల తరబడి కరెంటు లేదు. ఆ ఏడాది గురించి చెప్పమంటే ఆయన కప్పుతోనే మొదలుపెడతాడు.

ఆగస్టు 15

జెండా పండగ శుభాకాంక్షలు వాట్సాప్‌లో వరదలా వచ్చిపడ్డాయి. ఇక్కడివాళ్లకీ ఈ తారీఖు గుర్తే. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ప్యూర్టోరికో 92-73తో అమెరికాని ఓడించిన రోజు. ఎన్‌బీఏ ఆటగాళ్లతో దిగిన అమెరికా ఒలింపిక్స్‌లో ఓడడం అదే మొదటిసారి. ఫహార్దో ఊరి కుర్రాడు కార్లోస్ అరోయో 24 పాయింట్లు చేసి, చొక్కా మీది దేశం పేరుని రెండు చేతులా ముందుకి లాగి చూపించాడు. వీళ్లు 1917 నుంచీ అమెరికా పౌరులు. అయినా అధ్యక్షుడి ఎన్నికలో ఇక్కడివాళ్లకి ఓటు లేదు. ఆటల్లో మాత్రం సొంత జెండా.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అదే అమెరికా చేతిలో 95-94తో చేజారిన మ్యాచ్ సంగతి ఎత్తితే ఇప్పటికీ తిట్లు పడతాయి. వీళ్ల ఆటగాడు బుచ్ లీ 35 పాయింట్లు చేశాడు ఆ రోజు.

ఆగస్టు 19

మా జట్టు సీజన్ ముగిసి చాలా రోజులైంది. ("మా" అని రాశాను, ఉండనీ.) ఊరివాళ్లకి బాగా ఇష్టమైన గార్డు వచ్చే ఏడాది అరెసిబోకి పోతున్నాడని పుకారు. పెద్దాయన పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం బూట్లు విప్పుతూ నోరు విప్పాడు.

"పోనీ, మీహో. వాడొచ్చే మ్యాచ్‌కి రెండు టిక్కెట్లు ముందే తీసి పెడతా. నువ్వీలోగా స్పానిష్ తిట్లు నేర్చుకో."