తాతమ్మ పెళ్లి జరిగిన ఊరు

మా అమ్మాయి బరంపురంలో నాలుగో తరగతి చదువుతున్నది. ఈ ఏడు వాళ్ల పంతులమ్మగారు చరిత్ర పాఠానికి కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి పిల్లా తమ ఇంటి పాత సంగతి ఒకటి తెలుసుకుని, రెండు మూడు నిమిషాల డిజిటల్ కథగా చేసి తేవాలట. పది పన్నెండు ఫొటోలు, వాటి వెనుక పిల్ల సొంత గొంతు, అంతే. మాటలు 250కి మించరాదు. ఆఫీసు అలవాటుకొద్దీ మేము నాలుగు పేజీలు రాసి ఇస్తే, "ఇది నాన్న కథ" అని తోసేసింది.

దానికి కావలసింది మా అమ్మమ్మ పెళ్లి కథ. 1934లో, తొమ్మిదో ఏట, యానాంలో జరిగింది. ఎందుకో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 1929లో చేసిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండనిదే పెళ్లి నేరమన్నది. అప్పటికి ఒడిషా వేరు కాలేదు. మన గంజాం మద్రాసు రాజధానిలోనిదే. యానాం మాత్రం ఫ్రెంచివారిది, అక్కడ ఆ చట్టం చెల్లదు. ఇంకేమున్నది! పెళ్లివారు బళ్లు కట్టుకుని అక్కడికే. ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది.

దసరా సెలవులలో అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాము. సామర్లకోటలో రైలు దిగి, కాకినాడ మీదుగా బస్సు. తాళ్లరేవు దాటి కొంతసేపటికే యానాం. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది. ఫ్రెంచివారు 1954 నవంబరు 1న పాలన అప్పగించారు, చట్టరీత్యా బదిలీ ముగిసింది 1962 ఆగస్టు 16న.

పెళ్లి ఏ ఇంట జరిగిందో దొరకలేదు. ఇద్దరు ముసలివారిని అడిగితే రెండు వీధులు చూపించారు. అమ్మాయి ఊరకుండక, ఈఫిల్ టవర్‌ను పోలిన కొత్త గోపురాన్ని ఆరు ఫొటోలు తీసింది. "ఇది తాతమ్మ చూసిందా?" అని అడిగాము. చాలాసేపు మూతి ముడుచుకుని, ఆరూ తీసేసింది. గోదావరి గట్టు మాత్రం ఉంచుకుంది. పెళ్లికూతురి ఫొటో ఇంట్లో లేదు. ఎవరిదో తెచ్చి పెట్టకూడదని పంతులమ్మగారి షరతు. అందుకని బొమ్మ గీసింది, సరిగ్గా తనంత ఎత్తు పిల్లను.

సాయంత్రం గట్టు మీద అసలు గొడవ వచ్చింది. "మా తాత చట్టం తప్పించుకుని పెళ్లి చేశాడని బడంతా వినాలా? ఆయన దొంగతనమేమీ చేయలేదురా, అందరూ చేసిందే చేశాడు" అన్నది అమ్మ. నిజం చెప్పాలంటే మాకూ జంకుగానే ఉన్నది. "పోనీ, వయసు చెప్పకుండా వదిలేద్దాము" అన్నాము.

"వయసు చెప్పకపోతే ఇంత దూరం యానాం ఎందుకు వెళ్లారో ఎలా తెలుస్తుంది?" అన్నది పిల్ల.

అమ్మ మాట్లాడలేదు. రాత్రి బసలో కూడా మాట్లాడలేదు.

మర్నాడు తెల్లవారి స్నానానికి రేవుకు వెళ్లినప్పుడు తనంతట తానే మొదలు పెట్టింది. పీటల మీద నిద్రపోయిందట అమ్మమ్మ. లేపి మంగళసూత్రం కట్టించారట. కాపురానికి పంపింది మాత్రం ఐదేళ్ల తరువాత. అప్పటిదాకా పుట్టింట్లోనే.

"మరి బడికి వెళ్లేదా, నానమ్మా?"

"పెళ్లయ్యాక ఎక్కడి బడే! మూడో తరగతితో మానిపించేశారు. ఆ పలక మటుకు చాలాకాలం దాచుకుంది."

"అయితే నాలుగో తరగతి చదవనే లేదా?"

"లేదు." కాసేపు నీళ్లకేసి చూసి, "ఏదీ, ఆ ఫోను ఇలా తే. ఈ ముక్క నేను చెబుతాను" అన్నది.

ఇంటికి వచ్చి వింటే ఆ చోట గాలి హోరు ఎక్కువగా ఉన్నది. మళ్లీ రికార్డు చేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, రెండోసారి తాను చెప్పలేనన్నది. హోరుతోనే బడికి పంపాము. అడుగున ఒడియా వాక్యాలు మేమే రాశాము.