రాక్షసుడి కోటలో ఒక పూట

జపాను దేశంలోని ఒకాయామా ప్రాంతానికి వెళ్ళే అవకాశం కలిగినప్పుడు, అక్కడి ప్రసిద్ధ ఉద్యానవనంతోపాటు ‘కినోజో’ను కూడా చూసి రావాలని సంకల్పించాము. సోజా పట్టణ సమీపాన, 397 మీటర్ల ఎత్తైన కొండపై ఉన్న శిథిల దుర్గమిది. ఆ పేరుకు ‘రాక్షసుడి కోట’ అని అర్థం.

క్రీ.శ. 663లో, కొరియాలోని బేక్జే రాజ్యానికి సాయంగా వెళ్ళిన జపాను సేనలు, చైనా తాంగ్ చక్రవర్తి, సిల్లా రాజుల సంయుక్త బలగాల చేతిలో ఘోరంగా ఓడిపోయాయి. శత్రువు సముద్రం దాటి వస్తాడన్న భయంతో పశ్చిమ జపానులో కొండకోటలు వెలిశాయి. శరణు కోరి వచ్చిన బేక్జే ప్రముఖులే కొన్నింటిని దగ్గరుండి కట్టించారని ప్రాచీన చరిత్ర గ్రంథం చెబుతున్నది. కినోజో ప్రస్తావన మాత్రం అందులో లేదు. ఇదీ 7వ శతాబ్ది నాటిదేనని తవ్వకాల వల్ల తేలింది.

కొండ భుజాల వెంట 2.8 కిలోమీటర్ల ప్రాకారం. చెక్కల మధ్య మట్టిని పొరలు పొరలుగా పోసి, దిమ్మిస కొట్టి లేపిన గోడ అది. లోయలు అడ్డు వచ్చినచోట నీరు బయటికి పోయేందుకు ఆరు జలద్వారాలు అమర్చారు. వాననీరు మట్టిని కోసివేయకుండా గోడ పాదం వెంట రాళ్ళు పరిచారు. 2004లో పునర్నిర్మించిన పడమటి ద్వారంకన్న ఈ రాళ్ళ దగ్గరే మేము ఎక్కువసేపు నిలబడిపోయాము. పునాదిలోకి నీరు చేరితే ఏమవుతుందో మా వృత్తిలో చూసినవాళ్ళము కదా!

భయపడిన శత్రువు రానేలేదు. కాలక్రమంలో కోటను అడవి కప్పివేసింది. జనం నోట ఒక కథ మాత్రం మిగిలింది. బేక్జే నుంచి వచ్చిన ఊరా అనే రాకుమారుడు ఇక్కడ రాక్షసుడై ప్రజలను పీడించగా, కిబిత్సుహికో అనే వీరుడు అతణ్ణి వధించాడట. కోటలో కమ్మరి కొలుముల ఆనవాళ్ళు కూడా బయటపడ్డాయి.

కథలోని నిజానిజాలు తేల్చడం మా పని కాదు. అయితే, దిగివస్తూ మయసభ నిర్మించిన మయుణ్ణి తలచుకున్నాము. ఆయనా అసురుడే. కానీ మన కథ ఆయన పనితనాన్ని మరువలేదు. పరాయి దేశం నుంచి విద్య తెచ్చినవారిని ఈ కొండ రాక్షసులుగా గుర్తుంచుకున్నదేమో! పేర్లు పోయినా, వారు పరిచిన రాళ్ళు మాత్రం ఇప్పటికీ గోడ పాదాన్ని కాస్తూనే ఉన్నాయి.