బాసరలో ఒక లెక్క

2023 వేసవిలో, పదవతరగతి ఫలితములు వెలువడిన దినములలో, కరీంనగరమునుండి నిజామాబాదు మీదుగా బాసరకు పోయితిమి. ఊరు చేరకముందే గోదావరి వంతెన వచ్చును. రైలులోని అమ్మలక్కలు కాసులు విసరి మ్రొక్కిరి. జ్ఞానసరస్వతి సన్నిధిని పసివారికి అక్షరాభ్యాసములు జరుగుచుండెను. పెద్దపిల్లల తల్లుల మ్రొక్కు వేరు. ఆలయమునకు చేరువనే 2008లో స్థాపితమైన సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. జనులు త్రిపుల్ ఐటీ యందురు. పదవతరగతి కాగానే చేరి, అచ్చటనే వసించి, ఆరేండ్లలో ఇంజనీరు కావచ్చును. ప్రవేశమునకు పదవతరగతి ఫలితమే ఆధారము.

మెట్టుపల్లి వైపు తల్లి యొకతె, "అక్కా, మా బిడ్డకు 9.7 వచ్చినయి. పట్నంల పిల్లలకు పదికి పది వచ్చినయట. మనకు సీటు అస్తదా?" అని యడిగెను. బిడ్డ యే బడి యని మేమడిగితిమి. ఇంటినుండి పోయి జిల్లాపరిషత్తు బడిలో చదివినదట. అట్టివారికి 0.4 కలుపుట అప్పటి నియమము. గురుకులములందుండి చదివినవారికి లేదు. కూడినచో 10.1! ప్రైవేటుబడిలో పది తెచ్చుకొన్న పిల్లకంటె ముందే. సీటు నిశ్చయమనలేదు గాని, ఆశ గట్టిదే యంటిమి. ఈ కలుపును దయ యనువారు కలరు. నీళ్లు మోసి, తమ్ముని నెత్తుకొని చదివిన పిల్లకు అది తక్కువయే యని మా తలంపు.

2025 నుండి పదవతరగతి పత్రములలో ఆ మొత్తపు సగటు పోయి మార్కులు వచ్చినవి. కావున సోదరీమణులు ఈ పాతలెక్క వేయక, ఆ యేటి ప్రవేశ ప్రకటననే చదువుకొనవలెను.